పొరపాటు మీది కాదు

అది కాదు మాస్టారూ, ఫోను స్విచ్చాఫ్ చేసి, కంప్యూటరు మీద దుప్పటి కప్పేసి, ఇలా గోడవైపు తిరిగి కూర్చుంటే అయిపోతుందా? పొద్దున్నించి పద్నాలుగుసార్లు చేశాను. పద్నాలుగు! ఆఖరికి మీ చెల్లెలుగారికి చేస్తే, ఆవిడ ఏడుపు తప్ప నాకు ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

ఉండండి, లేవకండి. కుర్చీ నేనే లాక్కుంటా. టీ వద్దండీ. అయినా ఆవిడ పెట్టేస్తూనే ఉన్నారు, గిన్నె చప్పుడు వినపడుతోంది.

అయ్యో, ఏంటండీ ఈ చీటీలు? స్విచ్చు మీద "ఫ్యాను" అని. దాని పక్కన "లైటు" అని. తలుపు మీద "గొళ్లెం చూసుకో" అని. ఈ ఇంటికి వైరింగు చేసింది మీరే కదా! మీ చేత్తో బిగించిన స్విచ్చులకి మీరే పేర్లు రాసి అంటించుకుంటారా?

నిన్న చెప్పారు ఆవిడ. "అన్నయ్య పనిముట్ల సంచీ ఎవరికో ఇచ్చేశాడమ్మా" అని. నలభై ఏళ్ల సంచీ మాస్టారూ. ఐసు ఫ్యాక్టరీల్లో, కోల్డు స్టోరేజీల్లో, ఆసుపత్రుల్లో భుజాన వేసుకుని తిరిగిన సంచీ. "నా చేతిని ఇంక నమ్మకూడదు" అన్నారట. మతిమరుపు పరీక్ష చేయించుకుంటానని డాక్టరు దగ్గర పేరు కూడా రాయించుకున్నారట.

ఎందుకూ? ఆ ఒక్క జవాబు కోసమే కదా?

సరే, చెప్తా. ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పలేను. రేపు పదిన్నరకి ఆ పిల్లల క్లినిక్కులో అందరూ కూర్చుంటారు. మీరు సంతకం పెట్టిన కాగితం అక్కడ చదువుతారు. అదయ్యాక నేనేం అరిచినా ఎవరూ వినరు.

తెలిసిందేగా అన్నట్టు చెయ్యి ఊపకండి. మొదట్నించీ చెప్పనివ్వండి. వరసలో చెప్తేనే నాకు ధైర్యం నిలుస్తుంది.

ఆ క్లినిక్కులో టీకాలు పెట్టే ఫ్రిజ్జుంది. అందులో చల్లదనం ఎంతుందో చూసి, వేడెక్కితే అలారం కొట్టేది మా కంపెనీ సాఫ్ట్‌వేరు. నర్సు తలుపు తీసినప్పుడల్లా అది కొట్టుకుంటోంది. పాపం ఆవిడ విసిగిపోయి, అడిగినదానికి దానంతటదే జవాబు చెప్పేలా మావాళ్లు కొత్తగా పెట్టిన బాట్‌ని అడిగింది. ఏం చెయ్యాలి అని. అదేమో క్షణంలో చెప్పింది. "అలారం ఎన్ని నిమిషాలు ఆగి మోగాలి అనే గడిలో సున్నా పెట్టండి. మాస్టారు గారు చెప్పిన పద్ధతి ఇది, చాలామందికి పనిచేసింది" అని.

సున్నా పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా! సున్నా అంటే అలారమే వద్దన్నట్టు లెక్క, ఇంక మోగనే మోగదు. రెండు రోజులు క్లినిక్కు మూసుంది. ఆ రెండు రోజుల్లో ఫ్రిజ్జు ఎప్పుడాగిందో, మళ్లీ ఎప్పుడు మొదలైందో అప్పుడెవరికీ తెలీలేదు. మూడోరోజు తలుపు తీస్తే చల్లగానే ఉంది. ఆ మందే అరవైముగ్గురు పిల్లలకి పొడిచారు.

ఎవరికీ ఏం కాలేదు, నిజమే. కానీ తర్వాత ఫ్రిజ్జు రికార్డు తీసి చూస్తే మధ్యలో వేడెక్కిందని తేలింది, ఆ టీకా పనిచెయ్యదట. అరవైముగ్గురినీ మళ్లీ పిలిపించి మళ్లీ పొడవాలి. నర్సుని ఇంటికి పంపేశారు. ఇరవై రెండేళ్లు చేసిందట ఆవిడ.

అప్పుడు అందరూ వెతికారు. బాట్‌కి ఇదెక్కడిది? ఇంకెక్కడిది, నేను నడిపే మన ఫోరంలోదే! మన పాత ప్రశ్నలూ జవాబులూ అన్నీ దానికి తాగించారు కదా. తీసి చూస్తే, కింద పేరు "మాస్టారు". పక్కన ఆకుపచ్చ టిక్కు. పరిష్కారం దొరికింది అని.

ఆ జవాబు మీరు రాయలేదు.

వింటున్నారా? ఆ జవాబు మీరు రాయలేదండీ. పొరపాటు మీది కాదు.

ఏంటా నవ్వు? ...ఒకటో నియమమా? ఓదార్చడానికి అంటున్నాననుకున్నారా? అయ్యో రాత!

అవునండీ, నియమం నేను పెట్టిందే. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, జవాబు మొదట్లో "కంగారు పడకండి, పొరపాటు మీది కాదు" అని రాయాలి. ముందు మనిషిని కుదుటపరచాలి, తర్వాతే యంత్రం సంగతి. పంతొమ్మిదేళ్లుగా అందరికీ నేర్పిన మాట. దాన్ని ఇంతమందికి నేర్పి నేర్పి, ఇవాళ నిజంగా అనాల్సొచ్చేసరికి నా మొహానే నవ్వుతున్నారు. బానే ఉంది. నాకు కావాల్సిందే.

అలాక్కాదు, ఇటు చూడండి. నా మొహం చూసి వినండి.

నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోరం అంటే ఏముందండీ, ఒక ఖాళీ గది! రోజూ పొద్దున్నే తెరిచి చూసేదాన్ని. సున్నా ప్రశ్నలు. సున్నా జవాబులు. మా అమ్మ అడిగేది, "ఏం పనే నీది?" అని. "కంప్యూటరులో జనాన్ని పోగేసి ఒకళ్లకొకళ్లు సాయం చేసుకునేలా చూడాలమ్మా" అంటే, "మరి జనమేరీ?" అనేది.

సోమవారం పెద్ద మేనేజరు వచ్చి చూస్తానన్నాడు. శనివారం సాయంత్రం చెప్పారు నాకు. ఖాళీగా ఉంటే మూసేస్తారు, నన్నూ పంపించేస్తారు.

మా పనిలో అందరూ చేసేదే చేశాను మాస్టారూ. ఖాళీ హోటల్లోకి ఎవరూ అడుగుపెట్టరు. ముందు మనవాళ్లనే నలుగుర్ని కూర్చోబెట్టాలి. మీటింగుల్లో స్టేజీ ఎక్కి ఇదే మాట చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. కాకపోతే నా దగ్గర మనవాళ్లంటూ ఎవరూ లేరు. అందుకని పుట్టించాను.

ఒక నోటుబుక్కు కొన్నాను. పేజీకో మనిషి. "కంగారు పిల్ల", ప్రతి వాక్యానికీ మూడు ప్రశ్న గుర్తులు పెడుతుంది. "సందేహం మావయ్య", అన్నీ రెండుసార్లు అడుగుతాడు. "రెండో షిఫ్టు", ఎప్పుడూ నిద్రమత్తులో తప్పులు రాస్తాడు. అందరూ నేనే! ఆదివారం ఒక్కరోజులో పదకొండు ప్రశ్నలడిగాను. పదకొండు జవాబులిచ్చాను. నాకు నేనే థాంక్స్ కూడా చెప్పుకున్నాను.

జవాబులిచ్చేవాడు కొంచెం పెద్దమనిషిలా ఉండాలి కదా. తొందరపడడు, కోప్పడడు, "చూడండి" అని మొదలుపెడతాడు. ఆయనకి ఏం పేరు పెట్టానో మీకు అర్థమవుతోందా?

మాస్టారు.

అవునండీ. మీరు రాకముందే మాస్టారున్నాడు. నేనే మాస్టార్ని.

ఆ ఆదివారం అడిగిన ప్రశ్నల్లో అదొకటి. తలుపు తీస్తే చాలు అలారం కొడుతోంది, ఏం చెయ్యాలి??? కంగారు పిల్ల అడిగింది. నాకేం తెలుసండీ ఫ్రిజ్జుల గురించి? మా ఇంట్లో ఫ్రిజ్జులో దీపం ఎందుకు వెలుగుతుందో కూడా తెలీదు. ఆఫీసులో సాఫ్ట్‌వేరు తెరిచి చూస్తే ఆ గడి కనపడింది. సున్నా పెడితే గోల ఉండదు అనుకున్నాను. రాసేశాను. పెట్టి చూశానా? చూడలేదు. ఇంకా ఆరు ప్రశ్నలు మిగిలున్నాయి, చీకటి పడుతోంది.

అంతటితో ఆగానా! సందేహం మావయ్య వచ్చి "నాకూ పనిచేసింది" అన్నాడు. రెండో షిఫ్టు వచ్చి "నకూ పనిచెసింది" అన్నాడు. అచ్చుతప్పులతో సహా! నమ్మకంగా ఉండాలని. ఆకుపచ్చ టిక్కు నేనే పెట్టాను.

మీరేమో ఇన్నేళ్లలో నలభైచోట్ల రాశారు, "పది నిమిషాలు పెట్టండి, సున్నా మాత్రం పెట్టకండి, సున్నా అంటే అలారం చచ్చిపోయినట్టే" అని. బాట్ ఆ నలభైనీ వదిలేసింది. ఎందుకో తెలుసా? మీ జవాబుల కింద ఎవరూ "నాకూ పనిచేసింది" అని రాయలేదు. పని అయిపోయిన మనిషి వెనక్కొచ్చి చెప్తాడా ఎక్కడైనా? నా దొంగ జవాబు కిందే ఉన్నాయి ఆ మాటలు.

ఇంకా నమ్మరా? తల అలా అడ్డంగా ఊపకండి.

మీరెలా వచ్చారో గుర్తు చెయ్యనా? నాలుగు నెలల తర్వాత ఆఫీసుకి ఫోను చేశారు. "అమ్మా, మీ స్క్రీనేమో నాలుగు డిగ్రీలంటోంది. నా చెయ్యి కాదంటోంది. చెయ్యే కరెక్టు" అన్నారు. మావాళ్లు నవ్వారు. మర్నాడు చూస్తే నిజంగానే మా లెక్క తప్పు! అదే మీ ఆఖరి పని, ఆ వారమే మోకాలు దెబ్బతిని ఇంట్లో కూర్చున్నారు మీరు. నేను బతిమాలాను, ఫోరంలో నాలుగు ముక్కలు రాయండి మాస్టారూ అని.

"కర్సర్ అంటే ఆ మిణుకుమిణుకుమనే గీతేనామ్మా?" అన్నారు. ఫోనులోనే నేర్పాను టైపింగు. ఒక్కో అక్షరానికి ఒక్కో యుద్ధం! రెండు వేళ్లతో.

పేరేం పెట్టుకుంటారంటే మీకేం తోచలేదు. నేను సోమరిపోతుని. కొత్త పేరుతో మొదలుపెడితే ఎవరూ నమ్మరు, మాస్టారుకి అప్పటికే మంచి పేరుంది, జనం మర్యాద ఇస్తున్నారు. దాన్నే మీకు అంటగట్టేశాను. "ఎనిమిదో తరగతి దాటనివాణ్ణి, నేను మాస్టార్నేంటమ్మా!" అని ఎంత సిగ్గుపడ్డారు! ఫోనులో కూడా తెలిసిపోయింది, మీరు సంతోషపడుతున్నారని.

అందులో పాత జవాబులున్నాయని చెప్పలేదు. చెప్తే ఇదంతా నాటకం అనుకుంటారని. తర్వాత ఫోరం కొత్త మిషన్లలోకి మార్చినప్పుడు పాత తేదీలన్నీ పోయాయి, అన్నిటికీ ఒకే తేదీ పడింది. ఇప్పుడు ఎవరు చూసినా అన్నీ మీరు రాసినట్టే ఉంటాయి. మీరు చూసినా సరే.

ఆరువేల పైచిలుకు జవాబులు మాస్టారూ. పేరు మాత్రం నేను కల్పించింది. మనిషి మీరు. ఆ దొంగ మాస్టార్ని ఎప్పుడో మర్చిపోయాను. మర్చిపోయానంటే నిజంగానే, ఎప్పుడూ మీరే ఉన్నట్టు అనిపించేది.

ఇదిగో నోటుబుక్కు. అట్ట చిరిగిందిలెండి. ఐదో పేజీ తియ్యండి. కళ్లజోడు ఎక్కడ పెట్టారు? ...చదవండి. "మాస్టారు. నెమ్మది. చూడండి అంటాడు. అలారం ప్రశ్నకి, సున్నా." నా చేతిరాతే. పైన తేదీ ఉంది. ఆ తేదీకి మీరు ఇంకా ఐసు ఫ్యాక్టరీలో ఉన్నారు, మోకాలు కూడా బాగానే ఉంది.

మీ బుర్ర మిమ్మల్ని మోసం చెయ్యలేదు మాస్టారూ. మీ చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. మోసం చేసింది నేను.

ఆ, అడగండి. అడుగుతారని తెలుసు. ఈ నోటుబుక్కు ఇన్నాళ్లు ఎక్కడుందనేనా?

నా సొరుగులో. ఎక్కడికీ పోలేదు. క్లినిక్కు సంగతి బయటపడ్డ రోజే తీసి చూశాను. ఐదో పేజీ. మళ్లీ సొరుగులో పెట్టి తాళం వేశాను.

పదకొండు రోజులైంది.

ఆ కాగితం తెచ్చింది ఎవరు మాస్టారూ? నేనే కదా! ఇదే కుర్చీలో కూర్చున్నాను. "ఇది మా ఉద్యోగి రాసింది కాదు, బయటి మనిషి తనంతట తాను రాసింది" అని కంపెనీవాళ్లు రాయించిన కాగితం. మీరు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు. తర్వాత నన్నడిగారు. "అమ్మా, ఇది నేను రాశానా?" అని.

చిన్న పిల్లాడు అడిగినట్టు అడిగారండీ. నేను ఏం చెబితే అది నమ్మేవారు.

నేనేమన్నానో గుర్తుందా?

"పేరు మీదే కదా మాస్టారూ" అన్నాను.

అబద్ధం కూడా చెప్పలేదు చూడండి! అంత తెలివిగా అన్నాను. మీరు పెన్ను అడిగారు. నా పెన్నే ఇచ్చాను.

ఎందుకంటే ఏం చెప్పను, భయం. అంతే. పంతొమ్మిదేళ్లు, ఐదు ఫోరంలు, మనుషుల్ని నమ్మించడం తప్ప ఇంకో పని రాదు నాకు. మొదటి ఫోరం దొంగ మనుషులతో కట్టిందని తెలిస్తే ఈ వయసులో నన్నెవరు గుమ్మం ఎక్కనిస్తారు? మాస్టారు పెద్దాయన, ఆయన్నెవరూ ఏమీ అనరు, ఆయనకి పోయేదేముంది అనుకున్నాను. ఇలా అనుకున్నాను మాస్టారూ, సిగ్గులేకుండా.

మీరు ఇంట్లో స్విచ్చులకి చీటీలు అంటించుకుంటారని నాకేం తెలుసు?

రేపు నేనే వెళ్తాను. ఈ నోటుబుక్కు బల్లమీద పెడతాను. రాసింది కంపెనీ ఉద్యోగే అని తేలితే, ఆ నర్సు కంపెనీ మాట విన్నట్టే కదా, ఆవిడ తప్పేముంది? ఆవిడ ఉద్యోగం ఆవిడకొస్తుంది. నాది పోతుంది. పోనివ్వండి. మీరు మాత్రం ఆ కాగితం వెనక్కి తీసుకుంటానని ఒక్క ముక్క రాసివ్వండి. ఆ డాక్టరు దగ్గరికి వెళ్లొద్దు. సంచీ ఎవరికిచ్చారో చెప్పండి, కాళ్లు పట్టుకునైనా తెస్తా.

తిట్టండి మాస్టారూ. ఏదో ఒకటి అనండి. గుమ్మం బయటికి పొమ్మనండి, పోతాను. నోటుబుక్కు మూసేసి అలా చూస్తూ కూర్చోకండి. దండం పెడతా.

...ఏమన్నారు?

వద్దు. ఆ మాట వద్దండీ. ఇంకేమైనా అనండి.

కంగారు పడొద్దా? పొరపాటు నాది కాదా?

మీకు తెలుసా, ఆ వాక్యం నేను ఒక్కసారి కూడా టైపు చెయ్యలేదు. రెండు మీటలు నొక్కితే దానంతటదే పడేలా పెట్టుకున్నాను. అవతలివాడు ఏడుస్తున్నా, తిడుతున్నా, చదవకముందే నొక్కేసేదాన్ని. అందరికీ అదే నేర్పాను. మీకూ నేర్పాను, మీరు వద్దన్నారు. "మనిషికి చెప్పే మాట కదమ్మా, ప్రతిసారీ రాయాలి" అన్నారు. రెండు వేళ్లతో ఆరువేలసార్లు రాశారు.

ఇప్పుడు నాకు అంటున్నారు. నమ్మే అంటున్నారు, మీ మొహం చూస్తే తెలుస్తోంది.

ఆ నియమాల పేజీలో అన్నీ రాశాను మాస్టారూ. ఎవరికి ఎప్పుడు ఏమనాలో, ఎలా అనాలో, అన్నీ. తప్పు నిజంగా మనదే అయినప్పుడు ఎవరైనా మనకి ఈ మాట అంటే ఏం చెయ్యాలో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.